గల్లీని అడగని నిబంధనలు

పాత నగరపు వీధులకు జోనింగ్ నిబంధనలు, అక్కడి కట్టడాల రూపురేఖలకు మార్గదర్శకాలు రాసేటప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ సభలు దండగ అనే మాట మన నగరాల్లో స్థిరపడిపోయింది. అధికారులు అంటారు, ఆర్కిటెక్టులు అంటారు, చివరికి పాత కట్టడాల మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్లు కూడా అంటారు. జనానికి కట్టడం విలువ తెలియదట. తెలిసినా సొంత లాభమే చూసుకుంటారట. సభ పెడితే గొంతున్నవాడి మాటే నెగ్గుతుందట. పైగా ముందే చెబితే నోటిఫికేషన్ వచ్చేలోపు రాత్రికి రాత్రి కూల్చేస్తారట. కాబట్టి నిపుణుల కమిటీ రాయాలి, ప్రభుత్వం జీవో ఇవ్వాలి, మున్సిపల్ సిబ్బంది అమలు చేయాలి, అంతటితో సరి.

ఈ వాదన మొదలు నుంచి చివరి దాకా తప్పు. దాన్ని తప్పని చూపడానికి హైదరాబాద్ చరిత్రతోనే మొదలుపెడతాను.

1981 నాటి హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనలకు 1995లో వారసత్వ కట్టడాల కోసం పదమూడో నిబంధన తోడైంది. జాబితాకెక్కిన కట్టడాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా వారసత్వ పరిరక్షణ కమిటీ సలహా తీసుకున్నాకే అనుమతి ఇవ్వాలన్నది దాని సారం. బొంబాయిలో అలాంటి నిబంధన వచ్చింది కూడా 1995లోనే. దేశంలోని చాలా పెద్ద నగరాలు ఇంకా ఆ ఊసే ఎత్తని కాలమది. ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు, ఇర్రం మంజిల్ లాంటి భవంతులతో కలిపి 150 దాకా కట్టడాలు జాబితాలోకి వచ్చాయి. నగరంలోని రాతి గుట్టలను కూడా వారసత్వంగా గుర్తించిన నిబంధన అది. రాసినవాళ్లు సమర్థులు, చిత్తశుద్ధి ఉన్నవాళ్లు. ఆ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. కానీ ఇరవై ఏళ్లు నిండేసరికి, 2015 డిసెంబరులో, ప్రభుత్వం ఒకే ఒక్క జీవోతో ఆ పదమూడో నిబంధనను తీసేసింది.

అప్పుడు ఎవరు అడ్డుపడ్డారు? నగరంలో వారసత్వం గురించి పట్టించుకునే కొద్దిమంది అడ్డుపడ్డారు. వాళ్లు పత్రికల్లో రాశారు, కోర్టులకు వెళ్లారు. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. అయితే జాబితాలో ఉన్న ఇళ్లవాళ్లు, ఆ వీధుల్లో దుకాణాలున్నవాళ్లు, ఆ దేవిడీల (పాత హవేలీల) నీడలో మూడు తరాలుగా కిరాయికి ఉంటున్నవాళ్లు కదలలేదు. ఎందుకు కదులుతారు? ఆ నిబంధనతో వాళ్లకున్న పరిచయం ఒక్కటే: అనుమతి కోసం వెళ్తే రాని అనుమతి. కమాను ఎందుకు నిలవాలో, పైకప్పు ఎందుకు ఆ ఎత్తు దాటకూడదో, మరమ్మతుకయ్యే ఖర్చులో ఎవరి వాటా ఎంతో, ఎవరూ వాళ్ల గల్లీలోకి వచ్చి, వాళ్లు మాట్లాడుకునే ఉర్దూలోనో తెలుగులోనో వివరించలేదు. పత్రికలో ప్రకటన, గడువులోగా రాతపూర్వక అభ్యంతరాలు: వారసత్వ నిబంధనల విషయంలో ప్రజల మాట వినే పద్ధతి మన దగ్గర ఇంతకు మించి ఎదగలేదు. జీవో ఇంగ్లీషులో వచ్చింది, ఇంగ్లీషులోనే పోయింది. జీవోతో వచ్చినదాన్ని జీవోతో తీసేయడం ఏ ప్రభుత్వానికైనా అరగంట పని.

న్యూయార్క్‌ను చూడండి. అక్కడ 1963లో పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్ కూల్చివేత మొదలయ్యాక పుట్టిన ఆగ్రహం 1965లో చట్టంగా మారింది. ఏ కట్టడాన్నైనా, ఏ పేటనైనా చారిత్రకమని ప్రకటించే ముందు బహిరంగ విచారణ జరిపి తీరాలని ఆ చట్టం చెప్పింది. 1969లో గ్రీనిచ్ విలేజ్‌ను, అంటే రెండు వేలకు పైగా భవనాలున్న పేట మొత్తాన్ని, ఆ విచారణల దారిలోనే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దశాబ్దం తిరగకముందే ఒక పెద్ద రైల్వే కంపెనీ ఆ చట్టం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1978లో ఓడిపోయింది. అరవై ఏళ్లుగా ఆ చట్టం బతికి ఉంది. దాన్ని తిట్టేవాళ్లు అక్కడ తక్కువేమీ లేరు. అయినా ఎవరూ దాన్ని ఒక సాయంత్రం సంతకంతో తుడిచేయలేరు. ప్రతి పేటలోనూ దాని పుట్టుకను చూసినవాళ్లు, అందులో తమ మాట కలిపినవాళ్లు ఉన్నారు.

ఇక జనానికి తెలియదన్న వాదన. దీని మీద కాస్త నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే మిగతా వాదనలన్నీ దీని మీదే ఆనుకుని ఉన్నాయి.

వారసత్వ ప్రాంతంలో రూపురేఖల నిబంధన అంటే ఏమిటి? కమాను వంపు ఎంత, గచ్చు పనితనం ఏ కాలానిది అనే చర్చ ఒక్కటే అయితే నిపుణులకే వదిలేయవచ్చు. కేంద్ర పురావస్తు కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ చదవండి. చార్మినార్ లాంటి కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఒక్కో కట్టడానికి విడిగా వారసత్వ ఉపనియమాలు రాయాలంది ఆ చట్టం. ఆ ఉపనియమాల్లో ఏమేం ఉండాలో కూడా చెప్పింది: ముఖభాగాలు, ఎలివేషన్లు, మురుగు పారే ఏర్పాట్లు, రోడ్లు, కరెంటు స్తంభాలు, మంచినీటి పైపులు, డ్రైనేజీ పైపులు. మొదటి రెండూ ఆర్కిటెక్టు సబ్జెక్టులే, ఒప్పుకుంటాను. మురుగు ఎటు పారుతుందో, మొదటి వానకే ఏ మలుపులో నీళ్లు నిలుస్తాయో, ఏ స్తంభం మీది తీగలు ఏ ఇంటి ఛజ్జాను రాసుకుంటూ పోతున్నాయో, ఏ వేళకు నల్లా వస్తుందో తెలిసింది ఎవరికి? ఆ గల్లీలో బిందె పట్టుకుని నిలబడే మనిషికి తెలుసు. చట్టమే ఈ విషయాలను నిబంధనలో భాగం చేసినప్పుడు, వాటిని రోజూ అనుభవించేవాళ్లను నిపుణుల లెక్కలోంచి తీసేయడం ఏ న్యాయం?

పాత ఇంటి సమస్యలు నిజానికి ఎక్కడ మొదలవుతాయో చూద్దాం. తాత కట్టిన దేవిడీ నలుగురు అన్నదమ్ముల మధ్య పంపకమవుతుంది. నలుగురికీ వేర్వేరు మెట్లు కావాలి, వేర్వేరు మరుగుదొడ్లు కావాలి, వేర్వేరు కరెంటు మీటర్లు కావాలి. మెట్లు వీధివైపు వస్తే ముఖభాగం పోతుంది. లోపల వాకిట్లో వస్తే వెలుతురు పోతుంది. దేనికి ఒప్పుకోవాలో చెప్పని మార్గదర్శకం ఎంత అందంగా ముద్రించినా అక్కరకు రాదు. గోడకు డంగు సున్నమే వాడాలని నిబంధన అంటుంది. సున్నం నానబెట్టి, రుబ్బి, పొరలుగా గార చేయడం తెలిసిన మేస్త్రీలు ఇవాళ ఎంతమంది? కూలి ఎంత? ఒక కోటుకు, మరో కోటుకు మధ్య ఆగాల్సిన రోజుల్లో ఆ ఇంట్లో ఉన్నవాళ్లు ఎక్కడ పడుకోవాలి? సిమెంటు వాడొద్దనడం సాంకేతికంగా సరైన మాటే. సిమెంటు పూత కింద పాత సున్నపు గోడ తేమ వదల్లేక పాడవుతుంది. కానీ ఆ సరైన మాటను అమలు చేయాల్సినవాడిని పిలిచి, నువ్వు ఇది ఎలా చేయగలవని అడగకపోతే, అతను వాన రాకముందే రెండు బస్తాల సిమెంటు తెచ్చి పని కానిచ్చేస్తాడు. అతన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

లాడ్‌బజార్‌నే తీసుకోండి. ఆ వీధి పేరు మీద ప్రపంచానికి తెలిసింది గాజులు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒక దుకాణం ముందు షట్టరు ఏ రంగులో ఉండాలి, బోర్డు ఎంత వెడల్పు ఉండాలి, ఎండ పడకుండా గుడ్డ కట్టొచ్చా లేదా అన్నవి కాగితం మీద డిజైన్ ప్రశ్నల్లా కనిపిస్తాయి. వ్యాపారికి అవి సరుకు ప్రశ్నలు, గిరాకీ ప్రశ్నలు. లక్క వేడికి మెత్తబడే వస్తువు. పడమటి ఎండ నేరుగా కొట్టే దుకాణం ముందు గుడ్డ తీసేయమని రాసేముందు ఆ దుకాణదారుని ఒక్క మాట అడగడం కాలహరణం ఎలా అవుతుంది? అడిగితే, బజారు అంతటికీ ఒకే తీరు పందిరి వేసుకుందామని వాళ్లే చెప్పవచ్చు. అడగకుండా తీయించిన గుడ్డ నెల తిరక్కుండానే మళ్లీ వేలాడుతుంది.

పత్తర్‌గట్టిని చూపించి నన్ను ఎదిరించేవాళ్లు ఉన్నారు. 1908 మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి అంత అందమైన రాతి కమాన్ల బజారు కట్టిందే, అప్పుడు ఏ సభ పెట్టారు అంటారు. మంచి ప్రశ్నే. అప్పుడు సర్కారే స్థలం తీసుకుంది, సర్కారే ఖజానా తెరిచింది, సర్కారే కట్టించింది. అది నిజాం రాజ్యం, జనం అప్పటికి రాజుగారి ప్రజలే తప్ప పౌరులు కారు. ఇవాళ ప్రభుత్వం ఇళ్ల కమాన్లకు సొంత డబ్బుతో మరమ్మతు చేస్తానని రావడం లేదు. యజమాని డబ్బుతో, యజమాని ఇంటిని, అందరి కోసం నిలబెట్టమని అడుగుతోంది. అడగడంలో తప్పు లేదు, అలా అడగాలనే నేనూ అంటాను. కానీ ఒకరి జేబులోంచి ఖర్చు పెట్టించే నిబంధనకు వాళ్ల ఎదుట కూర్చుని కారణం చెప్పే బాధ్యత ఉంది. బొంబాయి నిబంధన మొదటి నుంచే దీన్ని కొంత గుర్తించింది, కట్టడాన్ని కాపాడి అదనంగా కట్టుకునే హక్కు నష్టపోయే యజమాని ఆ హక్కును వేరే చోట వాడుకునేలా, అమ్ముకునేలా బదిలీ హక్కులు ఇచ్చింది. అలాంటి పరిహారం ఎంత ఉండాలి, ఎవరికి చేరాలి, కిరాయిదారుకు అందులో వాటా ఉందా అన్న లెక్కలు మూసిన గదిలో తేలవు.

రాత్రికి రాత్రి కూల్చేస్తారన్న భయం ఉత్తది కాదు. 1980 ఆగస్టులో లండన్ పశ్చిమాన ఫైర్‌స్టోన్ టైర్ల కర్మాగారాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించే కాగితం సిద్ధమవుతుండగా, బ్యాంకు సెలవు రోజులు చూసుకుని యజమానులు దాని ముఖభాగాన్ని నేలమట్టం చేశారు. ఇంగ్లండ్‌లో ఆ ఘటన పెద్ద కలకలం రేపింది. కానీ గమనించండి: అక్కడ ఏ బహిరంగ సభా జరగలేదు. వ్యవహారం గుట్టుగానే నడిచింది. అయినా గుట్టు నిలవలేదు, ఎందుకంటే డబ్బున్న యజమానికి ఏ ఆఫీసులో ఏ ఫైలు కదులుతోందో ఎప్పుడూ తెలుస్తుంది. తెలియనిది పక్కింటి వాళ్లకు, వీధి వాళ్లకు. గుట్టు వల్ల చీకట్లో ఉండిపోయేది కట్టడాన్ని కాపాడుకోగల మనుషులే. దీనికి మందు కూడా ఇంగ్లండ్ దగ్గరే ఉంది. కట్టడం ప్రమాదంలో ఉందనుకుంటే స్థానిక సంస్థ వెంటనే నోటీసు ఇస్తుంది, అప్పటి నుంచి ఆరు నెలల దాకా ఆ కట్టడానికి జాబితాలో ఉన్నదానికి ఉండే రక్షణే ఉంటుంది. మొదట యథాతథ స్థితి, తర్వాత చర్చ. మన చట్టంలో అలాంటి ఒక్క వాక్యం చేర్చుకుంటే ముసాయిదా బయటపెట్టిన నాటి నుంచి ఎవరూ గునపం ఎత్తలేరు. ఆ వాక్యం రాయకుండా, కూల్చివేత భయం చూపి సభనే వద్దనడం అన్యాయం.

సభల్లో గొంతున్నవాడి మాటే నెగ్గుతుందన్నది మరింత బలమైన అభ్యంతరం. దీనికి ఆధారాలు కూడా ఉన్నాయి. అమెరికాలో బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు రాజనీతి శాస్త్రవేత్తలు ఐన్‌స్టీన్, గ్లిక్, పామర్ మసాచుసెట్స్ పట్టణాల్లో ప్లానింగ్ బోర్డుల సభల మినిట్సు తిరగేసి, అక్కడ లేచి మాట్లాడేవాళ్లలో వయసు మళ్లినవాళ్లు, మగవాళ్లు, సొంత ఇళ్లున్నవాళ్లు ఊరి జనాభాలో తమ వాటాకు మించి ఉన్నారని చూపించారు. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది కొత్త ఇళ్ల నిర్మాణాన్ని వద్దన్నారు. ఈ పరిశోధనను మన దగ్గర సభలు వద్దనేవాళ్లు ఉత్సాహంగా ఎత్తి చూపుతారు. నేను దాన్ని పూర్తిగా నమ్ముతాను. నమ్మి, సభ పెట్టే తీరు మార్చాలంటాను. కిరాయిదారు రాలేదంటే అతని పని వేళలో సభ పెట్టారని అర్థం. ఆడవాళ్లు రాలేదంటే వాళ్లకు వీలు కాని చోట, వీలు కాని వేళలో పెట్టారని అర్థం. రంజాన్ నెల చివరి పదిరోజుల్లో చార్మినార్ వ్యాపారులను పిలిస్తే ఎవరు వస్తారు? పిలిచేవాడికి వినాలని ఉంటే మధ్యాహ్నం ఒక పూట ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఇంటి అరుగుల మీదే సభ పెడతాడు, దుకాణాలు కట్టేశాక రాత్రి బజారులో మరోటి పెడతాడు. సభకు రానివాళ్ల మాట వినలేకపోతున్నామని సభే ఎత్తేస్తే, అప్పుడు వినపడేది సచివాలయం దాకా వెళ్లగలవాడి మాట ఒక్కటే. మసాచుసెట్స్ మినిట్సులో పక్షపాతం కనిపించిందంటే కనీసం మినిట్సు ఉన్నాయి. మంత్రి గదిలో జరిగిన మాటలకు ఏ పరిశోధకుడూ లెక్క తీయలేడు.

ఇక సభలతో కాలహరణమే అనే వాదన సంగతికి వస్తాను. 2015లో ఉస్మానియా ఆసుపత్రి భవనాన్ని కూల్చి కొత్తది కడతామని ప్రభుత్వం ప్రకటించింది. విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన, మూసీ ఒడ్డున నగరానికి గుర్తుగా నిలిచిన భవనం అది. నిరసనలు వచ్చాయి, కోర్టు కేసులు పడ్డాయి. 2020 జులైలో వార్డుల్లోకి వాన నీళ్లు వచ్చాయి, పాత భవనం ఖాళీ అయింది. చివరికి గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లు పట్టింది. ఈ పదేళ్లూ బాధపడింది వరండాల్లో పడకలు వేసుకున్న పేద రోగులు. మొదటి ఏడాదే డాక్టర్లు, నర్సులు, రోగుల బంధువులు, ఇంజినీర్లు, వారసత్వ సంస్థలు, చుట్టుపక్కల బస్తీల వాళ్లు ఒక పందిరి కింద కూర్చుని, పాత భవనాన్ని దేనికి వాడొచ్చు, కొత్తది ఎక్కడ కట్టొచ్చు అని తేల్చుకుని ఉంటే ఎన్ని నెలలు పట్టేది? ఇర్రం మంజిల్ కథ చిన్నదే. 2019 జూన్‌లో మంత్రివర్గం దాన్ని కూల్చి అక్కడ శాసనసభ కట్టాలని నిర్ణయించింది, సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. సభ పెట్టని ప్రభుత్వానికి కోర్టులో విచారణ తప్పలేదు. తేడా ఏమిటంటే, కోర్టులో మాట్లాడేది లాయర్లే.

అలాంటి సభలు మన దేశంలో సాధ్యం కావనే మాట నేను ఒప్పుకోను. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం సిమెంటు ఫ్యాక్టరీకో గనికో అనుమతి ఇవ్వాలంటే ఆ స్థలంలోనే, లేదా దానికి దగ్గర్లోనే సభ జరగాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. జిల్లా కలెక్టరో, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారో కూర్చోవాలి. మొత్తం వీడియో తీయాలి. ముగిసేముందు వచ్చిన అభ్యంతరాల సారాంశాన్ని అక్కడి జనం భాషలో చదివి వినిపించాలి. ఆ సభల్లో ఎన్ని అక్రమాలు జరుగుతాయో, కంపెనీ మనుషులు బస్సుల్లో ఎలా దిగుతారో తెలుగు జిల్లాల్లో తెలియనివారు లేరు. అయినా ఆ వీడియో, ఆ మినిట్సు ఉండబట్టే ఎందరో పల్లె జనం తర్వాత కోర్టుల్లోనూ ట్రిబ్యునళ్లలోనూ తాము ఏం చెప్పారో నిరూపించుకోగలుగుతున్నారు. వీధి వ్యాపారుల చట్టం 2014లో ఇంకో అడుగు ముందుకు వేసింది. పట్టణ వెండింగ్ కమిటీల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే, తమలో తాము ఎన్నుకున్నవాళ్లే ఉండాలంది. యాభై ఏళ్లకు పైబడిన బజార్లను వారసత్వ బజార్లుగా గుర్తించి, అక్కడి వ్యాపారులను కదిలించరాదంది. బండి మీద పండ్లమ్మే మనిషి నగర ప్రణాళికలో కూర్చోగలడని పార్లమెంటు నమ్మినప్పుడు, దేవిడీలో పుట్టి పెరిగిన మనిషి ఆ దేవిడీ గురించి మాట్లాడలేడని మున్సిపల్ ఆఫీసు ఎలా అంటుంది?

తెలంగాణ 2017లో వారసత్వ చట్టం చేసుకుంది. రాష్ట్ర స్థాయిలో అథారిటీ, కింద కమిటీలు వచ్చాయి. నేను కోరేది పెద్ద మార్పు కాదు. ఏ వీధికైనా, ఏ పేటకైనా నిబంధనల ముసాయిదా సిద్ధమైన నాడే ఆ చట్టం కింద యథాతథ స్థితి అమల్లోకి రావాలి. ముసాయిదా తెలుగులో, ఉర్దూలో, వీలైనన్ని బొమ్మలతో అచ్చేసి ఇంటింటికీ చేరాలి. వెబ్‌సైటులో ఎక్కడో మూలన పెట్టిన పీడీఎఫ్‌ను ప్రకటన అనకూడదు. సభ ఆ వీధిలోనే, ఒకటికి రెండుసార్లు జరగాలి. మొదటిసారి విన్న అభ్యంతరాల్లో ఏది ఒప్పుకున్నారో, ఏది కాదన్నారో, కాదంటే ఎందుకో రెండోసారి వచ్చి చదివి వినిపించాలి.

సభలో జనం వద్దంటే ఏం చేస్తారు అని అడుగుతారు. అది జరుగుతుంది. కొన్ని వీధుల్లో జరిగి తీరుతుంది. అప్పుడు అథారిటీకి రెండు దారులు. ఆ కట్టడం అందరిదీ అనదగ్గంత విలువైనదైతే, వీధి వద్దన్నా నిబంధన పెట్టే అధికారం దానికి ఉండాలి, ఉంటుంది కూడా. కానీ ఎందుకు పెడుతోందో కారణాలు రాసి, సంతకం పెట్టి, నష్టపోయేవాళ్లకు ఏమిస్తోందో అదే కాగితంలో చెప్పాలి. అంత విలువ లేదనుకుంటే నిబంధన సడలించాలి. రెండు సందర్భాల్లోనూ ఎవరు ఏమన్నారో, ఎవరు ఏం తేల్చారో తేదీతో సహా రాతలో మిగులుతుంది. మరో పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఇంకో ప్రభుత్వం వచ్చి ఆ నిబంధనను ఎత్తేయాలనుకుంటే అదే వీధికి వచ్చి, అదే పందిరి వేసి, అదే మనుషుల ముందు నిలబడి కారణం చెప్పాలి. నిబంధన తేవడానికి ఎన్ని మెట్లు ఎక్కాలో తీసేయడానికీ అన్ని మెట్లు దిగాలని చట్టంలోనే రాసి పెట్టాలి.